ఉత్తర అమెరికా: మూలవాసులు, తొలి వలసలు

మూలవాసులు: మిసిసిపీ లోయలో పెద్ద పట్టణం కహోకియా, క్రీ.శ. 1050–1200 మధ్య ఉచ్ఛదశ. ఇరోక్వా సమాఖ్యలో తొలుత 5 తెగలు: మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా. 1722లో టస్కరోరా చేరికతో 6. వీరి సాగు ‘ముగ్గురు అక్కచెల్లెళ్లు’: మొక్కజొన్న కాండంపై చిక్కుడు తీగ పాకుతుంది, చిక్కుడు వేళ్లు నేలకు నత్రజని ఇస్తాయి, గుమ్మడి ఆకులు తేమ ఆరిపోకుండా కాపాడతాయి. జతపరిచే ప్రశ్నకు మంచి అంశం.

అన్వేషణ: కొలంబస్ బహామాస్‌కు చేరింది 1492 అక్టోబర్ 12న. స్పెయిన్–పోర్చుగల్ మధ్య టోర్డెసిల్లాస్ ఒప్పందం 1494. జాన్ కాబట్ (1497) పుట్టుకతో ఇటలీవాడు, యాత్ర ఇంగ్లండ్ తరఫున. కార్టియర్ (1534) ఫ్రాన్స్ తరఫున.

స్థావరాలు: ఇక్కడే ఎక్కువగా తడబడతారు. నేటి అమెరికా ప్రధాన భూభాగంలో నేటికీ నిలిచి ఉన్న అతి పురాతన యూరోపియన్ స్థావరం సెయింట్ అగస్టీన్ (ఫ్లోరిడా, స్పెయిన్, 1565). తొలి శాశ్వత ఆంగ్ల స్థావరం జేమ్స్‌టౌన్ (వర్జీనియా, 1607). అంతకుముందటి ఆంగ్ల స్థావరం రోనోక్ నిలవలేదు. ఫ్రెంచి స్థావరం క్యూబెక్: స్థాపకుడు షాంప్లేన్, 1608.

1619ని ప్రత్యేకంగా గుర్తుంచుకోండి: జులైలో వర్జీనియాలో తొలి ప్రాతినిధ్య సభ, ఆగస్టులో అక్కడికే బందీలైన ఆఫ్రికన్లను తెచ్చి అమ్మారు. ప్రాతినిధ్యం, బానిసత్వం ఒకే ఏడాది, ఒకే వలసలో. వివరణాత్మక జవాబులో ఈ మాట తప్పక రాయాలి.

మేఫ్లవర్ ఓడలో ఆంగ్ల వలసదారులు ప్లిమత్ చేరింది 1620. డచ్ స్థావరం న్యూ ఆమ్‌స్టర్‌డామ్ 1664లో న్యూయార్క్ అయింది. 13 ఆంగ్ల వలసల్లో చివరిది జార్జియా (చార్టర్ 1732).

మూలవాసుల జనాభా కుప్పకూలడానికి ప్రధాన కారణాల్లో ఒకటి మశూచి వంటి రోగాలు. యుద్ధాలు, భూఆక్రమణ, బానిసత్వం దాన్ని మరింత తీవ్రం చేశాయి. కొలంబస్ తర్వాత అమెరికాలకు, మిగతా ప్రపంచానికి మధ్య పంటలు, జంతువులు, రోగాల మార్పిడిని ‘కొలంబియన్ వినిమయం’ అంటారు; ఈ పదం చరిత్రకారుడు ఆల్ఫ్రెడ్ క్రాస్బీది (1972). మనకు మిరప, టమాటా, వేరుశనగ అందింది ఈ వినిమయంలోనే.