అమ్మడికి, ఆటల్లోని పాటల గురించి

సత్యనారాయణపురం,
విజయవాడ.

అమ్మడూ,

నీ మెసేజి చూశాను. ఫోనులో నాలుగు ముక్కలు కొట్టి ఊరుకుంటే నీకు తృప్తి ఉండదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. కాలవలకు నీళ్లొదిలారు. అమ్మమ్మకి మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి, అయినా ఆవకాయ జాడీ మీద ఇంకొకళ్ల చెయ్యి పడనివ్వదు. నీ వాటా వేరే సీసాలో తీసి పెట్టింది. నువ్వు రాత్రి రెండింటి దాకా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటున్నావని అక్క చెప్పింది. ఏమిటే ఆ పని? చెవులు ఒకసారి పాడైతే బజార్లో కొనుక్కునేవి కావు. కోప్పడటం లేదు తల్లీ, గంటకోసారి తీసి పక్కన పెట్టు, చాలు.

మీ నాన్న సీడీల సంచి అటక మీంచి దింపావని, అందులో వైస్ సిటీ, క్వేక్ దొరికాయని, వాటి పాటలన్నీ ఫోనులో వినేలా మార్చాలని రాశావు. చదివి ఎంత సంతోషపడ్డానో. నీకింకా మాటలు రాని రోజుల్లో ఆదివారం మధ్యాహ్నాలు బావ నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ వైస్ సిటీ ఆడేవాడు. ఆట ముందుకు నడిపింది తక్కువ. సముద్రం ఒడ్డున కారాపుకుని రేడియో స్టేషన్లు మార్చడమే ఎక్కువ. నువ్వు కూడా తలూపేదానివి. ఆ పాటలు నీకిప్పుడు ఎక్కడో విన్నట్టుంటే అందులో వింతేం లేదు.

ఇక పనిలోకి వద్దాం. ఏళ్ల తరబడి పద్యాల క్యాసెట్లు, పెళ్లి క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నవాణ్ని, ఈ విషయంలో నా మాట వినాలి. పాటలు బయటికి తీసే తొందరలో అసలు డిస్కుని నలిపెయ్యకు. సీడీలో సమాచారం ఉండే పొర మనం అనుకునే మెరిసే వైపు కాదు, బొమ్మ అచ్చేసిన వైపు, పల్చటి వార్నీషు పూత కిందనే ఉంటుంది. మెరిసే వైపు గీత పడితే పాలిష్ పెట్టి ఎలాగో చదివించుకోవచ్చు. బొమ్మ వైపు గోరు గీరుకుంటే అక్కడున్నది పోయినట్టే. కాబట్టి దాని మీద బాల్ పెన్నుతో పేర్లు రాయకు, స్టిక్కర్లు అంటించి పీకకు. తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడువు, గుండ్రంగా తిప్పకు.

తర్వాత డిస్కు మొత్తానికీ నకలు తియ్యి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పోయినేడు ఒక కుర్రాడు హార్డుడిస్కు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. క్వేక్ ఐఎస్ఓ చేసి దాచుకున్నాడు, డిస్కు పాత సామాన్లలో వేసేశాడు. ఆట నడుస్తోంది, తుపాకీ మోతలు వినిపిస్తున్నాయి, సంగీతం మాత్రం లేదు. ఎందుకంటే 1996లో వచ్చిన ఆ డిస్కులో మొదటి ట్రాకు ఆట, మిగతావన్నీ మామూలు ఆడియో సీడీలో ఉండేలాంటి పాటల ట్రాకులు. నైన్ ఇంచ్ నెయిల్స్ చేసిన సంగీతమంతా ఆ ట్రాకుల్లోనే ఉంది. ఐఎస్ఓ అనేది డేటా ట్రాకుని మాత్రమే పట్టుకుంటుంది. ఆ పిల్లవాడి మొహం చూడలేకపోయాను. నువ్వు మాత్రం బిన్, క్యూ అనే రెండు ఫైళ్ల జతగా నకలు తియ్యి. అందులో డేటా, పాటలు రెండూ వస్తాయి, ఏ ట్రాకు ఎక్కడ మొదలవుతుందో క్యూ ఫైల్లో రాసి ఉంటుంది.

వైస్ సిటీ సంగతి వేరు. ఆడియో ఫోల్డరు తెరిస్తే రేడియో స్టేషన్లు ఒక్కోటీ ఒక్కో ఏడీఎఫ్ ఫైలుగా కనిపిస్తాయి. ఫ్లాష్, ఎమోషన్, వైల్డ్ అని పేర్లుంటాయి. ప్లేయర్లో వేస్తే పలకవు. పాడైపోయాయనుకుని చెరిపెయ్యకు! అవి ఎంపీ3లే. ఆట చేసినవాళ్లు ప్రతి బైటునీ 34 అనే అంకెతో ఎక్సార్ చేసి పెట్టారు. ఎంపీ3 ఫ్రేము ఎప్పుడూ 255తో మొదలవుతుంది కదా, ఏడీఎఫ్‌లో ఆ చోట 221 కనిపిస్తుంది. 221ని మళ్లీ 34తో ఎక్సార్ చేస్తే తిరిగి 255 వస్తుంది. నువ్వు చదివేది ఇంజనీరింగే కాబట్టి నీ చేత్తో నువ్వే పది లైన్ల పైథాన్ రాసుకో. దొరికిన ప్రతి కన్వర్టరూ దించుకుని కంప్యూటర్లో వైరస్ ఎక్కించుకోకు. నీ ప్రోగ్రాముతో ముసుగు తీస్తే చాలు, పాట ఉన్నదున్నట్టు బయటికొస్తుంది. దాన్ని మళ్లీ ఇంకో ఎంపీ3గా మార్చకు. మార్చిన ప్రతిసారీ కొంత ధ్వని పోతుంది, పోయింది మళ్లీ రాదు.

ఇంకో మాట. తర్వాత వచ్చిన వైస్ సిటీ వెర్షన్లలో పాటల లైసెన్సు గడువు తీరిపోయి కొన్ని పాటలు తీసేశారు. మైకేల్ జాక్సన్ బిల్లీ జీన్ అలా పోయిందే. ఫ్లాష్ ఎఫ్ఎంలో ఆ పాట ముందు, వెనక డీజే మాట్లాడే మాటలతో సహా వినాలంటే మీ నాన్న దాచినలాంటి పాత డిస్కే గతి. బావ డిస్కు పెట్టెతో కొన్న అసలుదని నాకు తెలుసు. అప్పట్లో మన నెట్ సెంటర్లలో తిరిగిన కాపీల్లో కొన్నిటికి సైజు తగ్గించడానికి రేడియో మొత్తం పీకేసేవాళ్లు, కారెక్కితే నిశ్శబ్దం.

చిన్నోడి టీవీ గేము క్యాసెట్లలో పాటలు కూడా తియ్యాలన్నావు. కాంట్రా, బ్యాటిల్ సిటీ, మారియో. వాటిలో పాట రికార్డు చేసి ఉండదమ్మా, వెతికినా దొరకదు. మన మొవ్వ క్షేత్రయ్య పదాల పుస్తకం చూశావు కదా, సాహిత్యం ఉంటుంది, రాగం పేరుంటుంది, గొంతు మాత్రం పాడేవాళ్లది. ఈ క్యాసెట్లూ అంతే. ఎప్పుడు ఏ స్వరం ఎంతసేపు అన్న ఆదేశాలే వాటిలో ఉంటాయి. పాడేది నింటెండో పెట్టెలోని 2ఏ03 అనే చిప్పు. దానికి ఐదే గొంతులు: రెండు పల్సు, ఒక ట్రయాంగిల్, ఒక నాయిజు, ఒక చిన్న శాంపిల్. కాంట్రా మొదటి స్టేజిలో నీ గుండెలదరగొట్టే సంగీతమంతా ఆ ఐదింటి లోంచి వచ్చిందే. ఆ ఆదేశాలని, వాటిని నడిపే ప్రోగ్రాముని కలిపి విడిగా తీస్తే ఎన్ఎస్ఎఫ్ ఫైలు. కొన్ని కిలోబైట్లే ఉంటుంది. దాన్నే వేవ్‌గా మారిస్తే నిమిషానికి సుమారు 10 ఎంబీ. ఎన్ఎస్ఎఫ్‌ని పారెయ్యకుండా దాచుకో, అదే అసలు ప్రతి. వేవ్ చేశాక ఫ్లాక్‌లో పెట్టుకుంటే సైజు తగ్గుతుంది, ధ్వని తగ్గదు. ఫోను కోసం దాన్నుంచి ఒక ఎంపీ3 తీసుకో. ఆ చివరి ప్రతి పోయినా మళ్లీ చేసుకోవచ్చు.

మార్చేటప్పుడు నీకు ఒక చిక్కొస్తుంది. ఆటలో పాటకి ముగింపు ఉండదు. మొదట్లో కొంచెం ఎత్తుగడ ఒక్కసారి వస్తుంది, ఆ తర్వాత భాగం ఆటగాడు ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. ఎన్ఎస్ఎఫ్ తప్ప మిగతా ఆటల పాటలకి వీజీఎంస్ట్రీమ్ అనే ప్రోగ్రాము వాడు, వందల రకాల ఆటల ఫార్మాట్లు చదువుతుంది, డబ్బులక్కర్లేదు. నువ్వేమీ చెప్పకపోతే అది తిరిగే భాగాన్ని రెండుసార్లు వాయించి 10 సెకన్లలో మెల్లగా తగ్గించేస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది. దాచుకునే ప్రతికి మాత్రం ఆ తిరుగుడు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో శాంపిల్ అంకెలతో రాసి పెట్టు. ఆ అంకెలు లేకపోతే పాట మధ్యలో తెగ్గోసినట్టుంటుంది. ఎన్ఎస్ఎఫ్‌లో పాటలకు పేర్లు కూడా ఉండవు, వరస అంకెలే ఉంటాయి, మోతలు కూడా వాటిలోనే కలిసుంటాయి. కూర్చుని విని, ఏది ఏ స్టేజిదో నోటు పుస్తకంలో రాసుకో. బద్ధకించకు. ఆరు నెలలు పోతే నీకే గుర్తుండదు.

తీసినవన్నీ రెండు చోట్ల పెట్టు, ఆ రెండూ ఒకే ఇంట్లో ఉండకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్ మీద పడినప్పుడు నువ్వు టీవీలో చూశావు, నేను ఆ ఇళ్లకి వెళ్లి చూశాను. టేబులు సొరుగులో ఉన్న హార్డుడిస్కులు, ఆల్బములు, క్యాసెట్లు అన్నీ బురద. ఒకాయన వాళ్లమ్మ మాటలున్న క్యాసెట్టు తెచ్చి నా చేతిలో పెట్టాడు. టేపు ముక్కలు ముక్కలుగా వచ్చింది, ఏమీ చెయ్యలేకపోయాను. ఒక ప్రతి నా దగ్గర పెట్టు, మనది మేడ మీది గది.

కడుపునిండా విను, ఇంట్లోవాళ్లకి వినిపించు. తీసుకెళ్లి యూట్యూబులో పెట్టి నీ పేరేసుకోవద్దు. మన చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. బిల్లీ జీన్ ఉన్న ఆల్బం 1982ది, అంటే 2042 దాకా అది వాళ్లది. నువ్వట్లాంటిదానివి కాదని తెలుసు, పెద్దవాణ్ని కాబట్టి చెప్పాలి, చెప్పాను.

పరీక్షలయ్యాక శనివారం బస్సెక్కి వచ్చెయ్యి. డిస్కుల్ని బట్టల మధ్య కుక్కకుండా ఒక్కోదాన్నీ కవర్లో పెట్టి తీసుకురా. నా దగ్గర పాత సీడీ డ్రైవొకటి ఇంకా బాగా చదువుతోంది, ఇద్దరం కలిసి క్వేక్ నకలు తీద్దాం. బావని కూడా రమ్మను, ఆ ట్రాకులు వినక ఎన్నేళ్లయిందో ఆయనకి.

మీ మావయ్య