స్త్రీల ఎముకల బలహీనత – విద్యుదయస్కాంత చికిత్స

ఎముక జీవములేని కర్ర వంటిది కాదు. అది నిత్యము కరుగుచు, నిత్యము నిర్మాణమగుచుండును. బహిష్టులు ఆగిన పిదప ఈస్ట్రోజెన్ తగ్గుటచే స్త్రీలలో కరుగుట అధికమై ఎముక గుల్లబారును. దీనినే ఆస్టియోపొరోసిస్ అందురు.

ఎముకపై ఒత్తిడి కలిగినపుడు స్వల్పముగా విద్యుత్తు పుట్టునని 1957లో జపాను శాస్త్రజ్ఞులు ఫుకాడా, యసుదా నిరూపించిరి. తీగచుట్టలో విద్యుత్తును విడతలు విడతలుగా పంపి, దాని అయస్కాంత క్షేత్రముచే ఎముకను ప్రేరేపించుటయే నేటి చికిత్స. అతుకని ఎముకలకు దీనిని 1979లో అమెరికా ప్రభుత్వము ఆమోదించినది. గుల్లబారిన ఎముకల విషయమున మాత్రము ఫలితములు ఏకరీతిగా లేవు. కనుక ఇది మందులకుగాని, ఆహారమునకుగాని బదులు కాజాలదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2005లో ప్రకటించిన అధ్యయనమున, అల్పాదాయ వర్గపు 289 మంది స్త్రీలకు దినమునకు లభించిన కాల్షియము సగటున సుమారు 270 మిల్లీగ్రాములే. 2020 నాటి జాతీయ ప్రమాణము 1000 మిల్లీగ్రాములు. ఇటుకలు లేనిచోట మేస్త్రీని తొందరపెట్టిన గోడ లేచునా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలు ఎరిగిన తైదలలో నూరు గ్రాములకు సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. తైదంబలి, పాలు, ఎండ, నడక మనకు అందుబాటులోనివే. అందరూ తిన్న పిదప మిగిలినది తినుట మన తల్లులకు అలవాటు. విద్యార్థులారా! మొదట ఆ కంచమును చూడుడు. నడుము వంగినను, చిన్నపాటు జారుటకే ఎముక విరిగినను, యంత్రమునకు డబ్బు చెల్లింపకమునుపే వైద్యునిచే ఎముకల సాంద్రతను పరీక్ష చేయింపుడు.