పనికొచ్చినందుకే ముద్దా?

పొలం జంతువుల బొమ్మల పుస్తకాలు చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. ఆవు పాలిస్తుంది, కోడి గుడ్డు పెడుతుంది, కుక్క కాపలా కాస్తుంది. ఏ గాడిదకో తానెందుకూ కొరగానని దిగులు. చివరి పేజీలో అదీ ఓ ఘనకార్యం చేస్తుంది, అందరూ మెచ్చుకుంటారు. మీ పిల్లలకు అలాంటి కథ చదివితే అక్కడితో పుస్తకం మూసెయ్యకండి. "ఆ పని చెయ్యకపోయినా గాడిద మనదేగా?" అని ఒక్క మాట అడగండి. వాళ్లేమంటారో వినండి.

ఆండర్సన్ 1843లో రాసిన అనాకారి బాతుపిల్ల కథలో కూడా ఆ పిల్లకు మన్నన దొరికింది హంసగా తేలాకే. అందుకే నాకు 1936లో మన్రో లీఫ్ రాసిన ఫెర్డినాండ్ అనే కోడెదూడ కథంటే ఎక్కువ ఇష్టం. రాబర్ట్ లాసన్ బొమ్మలు వేశారు. తోటి దూడలు కుమ్ములాడుకుంటుంటే ఫెర్డినాండ్ చెట్టు కింద కూర్చుని పూలు వాసన చూస్తుంటాడు. ఒంటరిగా ఉన్నాడేమోనని తల్లికి బెంగ. వెళ్లి అడుగుతుంది. బిడ్డ హాయిగానే ఉన్నాడని తెలిశాక ఇక బలవంతపెట్టదు. పెద్దయ్యాక మాడ్రిడ్‌లో ఎద్దుల పోరు బరిలోకి దింపినా అతను మారడు. ఆ తల్లి ఉన్న పేజీ దగ్గర కాసేపు ఆగండి. అది మనకోసం రాసిందే.

మన చుట్టూ మాత్రం పోలికలే. పామర్రు నుంచి విజయవాడ బస్సెక్కితే పరీక్షా ఫలితాల రోజుల్లో దారి పొడవునా ర్యాంకుల ఫ్లెక్సీలే. కిటికీ పక్కన కూర్చున్న ఆరేళ్ల పిల్ల కూడా ఆ ఫొటోలు చూస్తుంది. పైగా ఇంట్లో మనం కోపమొస్తే గాడిదా, దున్నపోతా అనేస్తాం. రాత్రి కథలో ముద్దుచేసిన జంతువునే పొద్దున తిట్టుగా వాడితే పిల్లలు ఏది నమ్మాలి?

పోల్చకుండా చూడటం పుస్తకం బయటా నేర్పొచ్చు. కోతలయ్యాక మన మాగాణుల్లో బాతుల మందలు దిగుతాయి కదా, రాలిన గింజలూ నత్తలూ ఏరుకుంటూ. పిల్లల్ని గట్టు మీద నిలబెట్టి చూపించండి. "ఏది బాగుంది?" అనకండి, "అదేం చేస్తోంది?" అనండి. వెనకబడ్డ బాతును ముందు పసిగట్టేది వాళ్లే. "దానికి భయమేస్తోందేమో" అన్నారంటే తొందరపడి ధైర్యం చెప్పకండి. ఎందుకనిపించిందని అడగండి. తమ మాటగా చెప్పలేనిది బాతు మాటగా చెబుతారు.

పుస్తకాలకు పెద్ద ఖర్చేమీ లేదు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఫోన్లోనే చదవొచ్చు. హైదరాబాద్‌లోని 'మంచి పుస్తకం' వాళ్ల ప్రచురణలు తెప్పించుకోవచ్చు. మార్కులు తగ్గిన రోజు రాత్రి మాత్రం కథ మానకండి, నీతి కథ వెతక్కండి. పిల్లలు అడిగిన పుస్తకమే, అది వందోసారైనా, చదవండి.