ఆరోగ్యవంతమైన గుర్రాల రక్తంలో, ఊపిరితిత్తులలో రోగనిరోధక కణాలు

పశువు ఆరోగ్యాన్ని అంచనా వేయడంలో రక్తపరీక్ష తొలి సాధనం. అయితే రక్తంలోని తెల్లకణాల నిష్పత్తి ఊపిరితిత్తుల స్థితిని యథాతథంగా తెలియజేయదు. గుర్రంలో ఈ వ్యత్యాసం స్పష్టంగా కనిపిస్తుంది.

రక్తంలోని కణాలు: ఆరోగ్యవంతమైన వయోజన గుర్రం రక్తంలో ఒక మైక్రోలీటరుకు సుమారు 5,500 నుండి 12,000 వరకు తెల్లకణాలు ఉంటాయి. వీటిలో సాధారణంగా న్యూట్రోఫిల్‌లదే ఆధిక్యం. తరువాతి స్థానం లింఫోసైట్‌లది. మోనోసైట్‌లు, ఇయోసినోఫిల్‌లు స్వల్పంగా ఉంటాయి. టి-లింఫోసైట్‌లలో సిడి4 రకం సిడి8 రకం కంటే అధికం. గుర్రం బెదిరినప్పుడు అడ్రినలిన్ ప్రభావం వలన తెల్లకణాల సంఖ్య తాత్కాలికంగా పెరుగుతుంది. కనుక గుర్రం నెమ్మదిగా ఉన్నప్పుడే నమూనా సేకరించాలి.

ఊపిరితిత్తులలోని కణాలు: గుర్రానికి మత్తుమందు ఇచ్చి, ముక్కు ద్వారా పొడవైన గొట్టాన్ని శ్వాసనాళంలోకి పంపి, 250 నుండి 500 మి.లీ. శుద్ధమైన సెలైన్‌ను లోపలికి వదిలి తిరిగి పీల్చి సేకరిస్తారు. ఈ ద్రవంలో మాక్రోఫేజ్‌లు, లింఫోసైట్‌లు ప్రధానంగా ఉంటాయి. లింఫోసైట్‌లలో అధికభాగం టి-కణాలే. రక్తంలో అగ్రస్థానంలో ఉండే న్యూట్రోఫిల్‌లు ఇక్కడ సాధారణంగా 5 శాతానికి మించవు. మాస్ట్ కణాలు, ఇయోసినోఫిల్‌లు అంతకంటే తక్కువ. మాస్ట్ కణాలను గుర్తించడానికి టోలుయిడిన్ బ్లూ రంజకం అవసరం. త్వరిత రంజకాలలో వాటి రేణువులు సరిగా కనిపించకపోవచ్చు. ఒకే భాగాన్ని స్వల్ప వ్యవధిలో మరల కడిగినచో న్యూట్రోఫిల్‌ల శాతం పెరుగుతుంది. దీనిని వ్యాధిగా భ్రమించరాదు.

రెండు నమూనాలకూ అందని కణాలు: గుర్రం ఊపిరితిత్తుల కేశనాళికల లోపలి గోడలను అంటిపెట్టుకొని మరొక రకం మాక్రోఫేజ్‌లు ఉంటాయి. ఇవి రక్తప్రవాహంలోని సూక్ష్మజీవులను, ఎండోటాక్సిన్‌ను పట్టి మింగివేస్తాయి. ఆ క్రమంలో వాపును కలిగించే రసాయనాలను విడుదల చేస్తాయి. గుర్రం స్వల్ప పరిమాణంలోని ఎండోటాక్సిన్‌కు కూడా తీవ్రంగా స్పందించడానికి ఇదొక కారణం. ఇవి గోడకు అంటుకొని ఉన్నందున రక్తనమూనాలో రావు. వాయుకోశాలలో లేనందున కడిగిన ద్రవంలోనూ కనిపించవు.

ఎండుగడ్డితో సంబంధం: తగినంత ఆరకముందే కట్టలు కట్టిన గడ్డి వేడెక్కి బూజు పడుతుంది. అటువంటి గడ్డిలోని శిలీంధ్ర బీజాలు, ధూళి శ్వాసతో లోపలికి చేరినప్పుడు గుర్రాలలో ఆస్తమా తలెత్తవచ్చు. అప్పుడు న్యూట్రోఫిల్‌లు రక్తం నుండి శ్వాసమార్గాలలోకి తరలివస్తాయి. తీవ్ర ఆస్తమాలో కడిగిన ద్రవంలో వాటి వాటా 25 శాతాన్ని దాటుతుంది. అయినను రక్తంలోని తెల్లకణాల లెక్క తరచుగా సాధారణ పరిధిలోనే ఉంటుంది. గుర్రాన్ని పచ్చికబయలుకు మార్చడం, గడ్డిని నీటిలో నానబెట్టి మేపడం వలన పీల్చే ధూళి తగ్గుతుంది.

ముగింపు: రక్తం, వాయుకోశాలు, కేశనాళికల గోడలు అనే మూడు స్థానాలలో రోగనిరోధక కణాల కూర్పు వేర్వేరు. దీర్ఘకాలంగా దగ్గుతున్న గుర్రాన్ని కేవలం రక్తపరీక్ష ఆధారంగా ఆరోగ్యవంతమైనదిగా నిర్ధారించడం సరికాదు. కడిగిన ద్రవం పరీక్షతోపాటు మేపుతున్న గడ్డిని, దానిని నిల్వచేసిన తీరును పరిశీలించిన పిదపనే విస్తరణ శాస్త్రవేత్త సలహా ఇవ్వడం సముచితం.