200 నిమిషాల లెక్క: సింగపూర్ స్లింగర్స్ నుంచి మనకో పాఠం

పోయినేడాది ఒక ఓపెన్ బాస్కెట్‌బాల్ టోర్నీకి మన హాస్టల్ జట్టు వెళ్లిన సంగతి చాలామందికి తెలుసు. జట్టుకి ఇద్దరు బయటివాళ్లని తెచ్చుకోవచ్చని అక్కడి రూలు. తెచ్చుకున్నాం, కప్పు కొట్టాం. ఫొటోలో చివర్న నేనూ ఉన్నాను. ఫైనల్లో నేను ఆడింది నాలుగు నిమిషాలు. సెకండియర్ తమ్ముళ్లు ముగ్గురికి ఆ నాలుగు నిమిషాలు కూడా దక్కలేదు. ఈ ఏడాది ఆ బయటివాళ్లు రాలేదు. తమ్ముళ్లు సాయంత్రాలు కోర్టుకి రావడం మానేశారు. మన కోర్టులో ఇప్పుడు తీగ కట్టి బట్టలారేస్తున్నారు.

బయటివాళ్లు జట్టుని నిలబెడతారా, తినేస్తారా? ఈ ప్రశ్నతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టిన ఒక ప్రొఫెషనల్ జట్టు ఉంది. పేరు సింగపూర్ స్లింగర్స్. దాని కథ చదివాక మన తప్పు ఎక్కడుందో నాకు కొంత అర్థమైంది.

1. ముందు దూరం లెక్క

స్లింగర్స్ పుట్టింది 2006లో. ఆస్ట్రేలియాలో హంటర్ పైరేట్స్ అనే జట్టు ఉండేది. దాని లైసెన్సు సింగపూర్‌కి మారి ఈ కొత్త జట్టు వచ్చింది. ఆస్ట్రేలియా జాతీయ లీగ్‌లో ఆడిన మొదటి ఆసియా జట్టు ఇదే. వినడానికి బాగుంది కదా? ఇప్పుడు మ్యాపు తీయండి. ఆ లీగ్‌లో వీళ్లకి అన్నింటికన్నా దగ్గరి ఊరు పెర్త్. అది కూడా విమానంలో ఐదు గంటల దూరం. అదే లీగ్‌లో న్యూజిలాండ్ జట్టు కూడా ఉంది. ఆక్లాండ్ వెళ్లాలంటే సుమారు పది గంటలు. వాళ్ల ఊళ్లో ఆట లేని ప్రతిసారీ ఆటగాళ్లు, కోచ్‌లు, సామాను అంతా విమానం ఎక్కాల్సిందే. రెండు సీజన్లు ఆడి 2008లో బయటికొచ్చేశారు. కారణాల్లో ప్రయాణ ఖర్చు పెద్దది.

2009లో ఆసియాన్ బాస్కెట్‌బాల్ లీగ్ మొదలైంది. మలేషియా, ఇండోనేషియా, థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్, బ్రూనై, సింగపూర్‌ల నుంచి ఒక్కో జట్టు, మొత్తం ఆరు. ఎయిర్ఏషియా అధినేత టోనీ ఫెర్నాండెజ్ దీని వెనకున్న వాళ్లలో ఒకరు. ఇప్పుడు స్లింగర్స్‌కి దగ్గరి పోటీదారు కౌలాలంపూర్. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లిన దూరం కన్నా కాస్త ఎక్కువ, అంతే. బస్సులో వెళ్లి ఆడి రావచ్చు. ఆట అదే, ఆటగాళ్లూ దాదాపు అదే స్థాయి వాళ్లు. మ్యాపు మారేసరికి జట్టు బతికింది.

2. అసలు లెక్క: 200 నిమిషాలు

ఇప్పుడు మన సబ్జెక్టులోకి వద్దాం. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఆట పదేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు, అంటే 40 నిమిషాలు. కోర్టులో ఒక జట్టు నుంచి ఐదుగురు. 40 × 5 = 200. కోచ్ చేతిలో ఉన్న ఆస్తి మొత్తం ఈ 200 నిమిషాలే. ఎవరికి ఎంత పంచాలన్నదే ఆయన ఉద్యోగం.

ఈ లీగ్‌లో విదేశీ ఆటగాళ్లకి కోటా ఉండేది. మొదట్లో ఆగ్నేయాసియా పొరుగు దేశాల వాళ్లకి ఒక కోటా, బయటి ఖండాల వాళ్లకి ఇంకో కోటా. తర్వాత సీజన్లలో ఈ రూల్స్ మారుతూ వచ్చాయి. ఉదాహరణకి ఒక జట్టులో ముగ్గురు విదేశీయులు తలా 36 నిమిషాలు ఆడారనుకుందాం. 108 అయిపోయాయి. మిగిలింది 92. పన్నెండు మంది జట్టులో మిగతా తొమ్మిది మందికి సమానంగా పంచితే మనిషికి పది నిమిషాలు. కానీ సమానంగా ఎవరూ పంచరు. ఇద్దరు ముగ్గురు స్థానికులు చెరో పాతిక ముప్పై నిమిషాలు తీసుకుంటే, చివరి కుర్రాడికి తువ్వాలు అందించే పని తప్ప ఏం మిగలదు.

సింగపూర్‌కి ఈ లెక్క ఇంకా కష్టం. దేశమే చిన్నది. పైగా అక్కడ కుర్రాళ్లు పద్దెనిమిది దాటగానే రెండేళ్లు నేషనల్ సర్వీస్ చెయ్యాలి. సరిగ్గా ఆట ముదిరే వయసు అది.

3. వాళ్లు ఏం చేశారు?

విదేశీయుల్ని మానెయ్యలేదు. అది కుదరదు కూడా, ఎదుటి జట్టులో ఆరడుగుల ఎనిమిదంగుళాల సెంటర్ ఉంటే మనవాడు ఎంత ఎగిరినా రీబౌండ్ రాదు. కానీ వాంగ్ వెయ్ లాంగ్ లాంటి స్థానిక గార్డులకి ఏటా నిజమైన నిమిషాలిచ్చారు. ఏళ్ల తరబడి జట్టుని నడిపిన కోచ్ నియో బెంగ్ సియాంగ్ సింగపూర్ జాతీయ జట్టుకీ కోచ్‌గా పనిచేశారు. స్లింగర్స్‌లో ఆడే స్థానికులే చాలావరకు జాతీయ జట్టు. ఆ జాతీయ జట్టు 2013, 2015 సౌత్ ఈస్ట్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యాలు గెలిచింది. అక్కడ అద్దెకి తెచ్చుకున్న సెంటర్ లేడు. లీగ్‌లో పెద్దవాళ్ల భుజాలు తగిలి తగిలి రాటుదేలిన వీళ్లే ఉన్నారు.

4. మరి కప్పు?

రాలేదు. ఇది దాచకూడదు. మూడుసార్లు ఫైనల్‌కి వెళ్లి మూడుసార్లూ ఓడిపోయారు. 2016లో మలేషియా డ్రాగన్స్ చేతిలో 3-2తో, 2017లో హాంకాంగ్ ఈస్టర్న్ చేతిలో, 2019లో ఇండోనేషియా సీఎల్ఎస్ నైట్స్ చేతిలో మళ్లీ 3-2తో. ఆ చివరిది మరీ బాధ. ఐదో ఆట సొంతగడ్డ మీద, ఓసీబీసీ అరీనాలో, స్కోరు 84-81. ఒక్క త్రీ పాయింటర్ తేడా. ఆ తర్వాతి సీజన్ కోవిడ్ వల్ల మధ్యలోనే రద్దయింది. 2023లో చిన్న ఇన్విటేషనల్ టోర్నీగా మాత్రం లీగ్ ఒకసారి కనిపించింది.

అంటే ఫలితం సున్నానా? నాకలా అనిపించలేదు. కప్పు అల్మారాలో ఉంటుంది, ఆట నేర్చిన మనిషి ఊళ్లో ఉంటాడు. లీగ్ ఆగిపోయినా ఆ మనిషి మిగులుతాడు. మన దగ్గర 2015లో మొదలైన యూబీఏ లీగ్‌లో హైదరాబాద్ స్కై అనే జట్టు ఉండేది. మనలో ఎంతమందికి గుర్తుంది? లీగ్ నిలబడలేదు, పేరూ పోయింది. అందుకే జట్టుని కొలిచేటప్పుడు కప్పులతో పాటు ఇంకో ప్రశ్న కూడా అడగాలి: ఇది ఎంతమందికి ఆట నేర్పి వెళ్లింది?

5. మన వంతు

మనం బయటివాళ్లని తేవడం తప్పు కాదు. 200 నిమిషాల కాగితం రాసుకోకుండా తేవడం తప్పు. ఆ ఫైనల్లో రెండో సగానికే మనం పద్దెనిమిది పాయింట్లు ముందున్నాం. అయినా తమ్ముళ్లని దింపలేదు. భయపడ్డాం. ఆ మాట కెప్టెన్‌కి చెప్పాల్సిన సీనియర్‌ని నేనే, చెప్పలేదు.

ఈసారి టోర్నీకి ముందే కాగితం గోడకి అంటిద్దాం. బయటివాళ్లు ఇద్దరికీ కలిపి 60కి మించి వద్దు. జూనియర్లకి 50కి తగ్గొద్దు. మిగతా 90 మనవి. దీనివల్ల ఓడిపోవచ్చు కూడా, ఒప్పుకుందాం.

నిన్న ఆ ముగ్గురి రూములకీ వెళ్లి మాట్లాడాను. ఇద్దరు వస్తామన్నారు, ఒకడు చూద్దాం అన్నా అన్నాడు. సోమవారం సాయంత్రం ఐదున్నరకి కోర్టు దగ్గర కలుద్దాం. బట్టల తీగ తీసేశాం.