దేహపు తూకమును, వైద్యపరీక్షయు



ధాన్యపు బస్తాల తూకమును ఒకటికి రెండుమారులు సరిచూచుకొను మనము దేహపు తూకమును ఏండ్ల తరబడి చూచుకొనము. బొజ్జ పెరుగుట కలిమికి గురుతను తలంపు పల్లెలయందు ఇంకను కలదు. పూర్వము కపిల తోలుటకును, నూర్పిళ్లకును, చేనికి పోయివచ్చుటకును రైతు దేహమే పాటుపడెడిది. ఇప్పుడు ట్రాక్టరు దున్నుచున్నది, యంత్రము కోయుచున్నది, మీట నొక్కిన బోరునీరు పారుచున్నది. పాటు తగ్గినది గాని పళ్లెములోని అన్నపు రాశి తగ్గలేదు. ఒకప్పుడు పట్టణవాసుల వ్యాధులని తలచిన మధుమేహమును, రక్తపుపోటును నేడు పల్లెలయందును ప్రబలుచున్నవి.

ఈ సంగతి గ్రహించి బరువు తగ్గించుకొన బూనుట మెచ్చదగినదే. అయితే బరువు తగ్గుచున్నది గదాయని వైద్యుని యొద్దకు పోవుట మానరాదని తెలుపుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

తగిన బరువెంత?

కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తుచే రెండుమారులు భాగింపవలెను. వచ్చిన అంకె 18.5కు పైని, 23కు లోపల నున్న మేలు. భారతీయులకు 23 మొదలు అధికభారమనియు, 25 మొదలు స్థూలకాయమనియు వైద్యులు నిర్ణయించిరి. 165 సెంటీమీటర్ల ఎత్తుగలవారికి 51 మొదలు 62 కిలోల వరకు తగిన బరువు. 68 దాటిన స్థూలకాయమే. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. కాళ్లుచేతులు సన్నగనుండి బొజ్జ మాత్రము పెరిగినవారికిని ముప్పు కలదు.

రెండు పొరపాట్లు

165 సెంటీమీటర్ల ఎత్తు, 76 కిలోల బరువుగల రైతొకడు చక్కెరకును, పోటునకును మాత్రలు వాడుచున్నాడనుకొందము. అన్నము తగ్గించి, దినమునకు గంటసేపు నడచి, నాలుగు మాసములలో 6 కిలోలు తగ్గెను. ఇది నూటికి దాదాపు 8 వంతులు. నూటికి 5 మొదలు 10 వంతులు తగ్గినను చక్కెర, పోటు దిగివచ్చుట కలదు. సరిగా ఇచ్చటనే రెండు పొరపాట్లకు తావున్నది.

మొదటిది, పాత మోతాదునే వాడుచుండుట. ఇన్సులిను గాని, గ్లిమిపిరైడు, గ్లిబెన్‌క్లమైడు వంటి మాత్రలు గాని వాడువారు తిండి తగ్గించినచో రక్తములోని చక్కెర మితిమీరి పడిపోవచ్చును. డెసిలీటరునకు 70 మిల్లీగ్రాములకు దిగిన అపాయము. చెమట, వణకు, గుండెదడ, మాట తడబాటు దాని గురుతులు. వెంటనే మూడు చెంచాల పంచదార నీట కలిపి త్రాగవలెను; పావుగంటలో నెమ్మదింపకున్న మరల త్రాగి, పిమ్మట అన్నము తినవలెను. స్పృహ తప్పినవాని నోట ఏమియు పోయక 108 బండిలో ఆసుపత్రికి చేర్పవలెను. మూత్రము నెక్కువచేయు పోటు మాత్రలు వాడువారు పస్తుండి ఎండలో పనిచేసినచో పోటు పడిపోయి కన్నులు తిరుగును. శివరాత్రికైనను, రంజానుకైనను ఉపవాసమునకు ముందే వైద్యుని సలహా పొందవలెను.

రెండవది, బరువు తగ్గినది కావున రోగము పోయినదని తమంతట తామే మాత్రలు మానుట. పోటును, చక్కెరయు తరచుగా నొప్పి పెట్టవు. లోలోపలనే కన్నులను, మూత్రపిండములను, గుండెను చెరుచును. మోతాదు తగ్గింపవచ్చును, ఒక్కొక్కప్పుడు మాన్పింపనువచ్చును. కాని ఆ నిర్ణయము పరీక్షించిన వైద్యునిదే. పెట్టెలోని నిలువసొమ్ము నొక్కటే చూచి సంఘము బాగున్నదని యెవరును చెప్పరు. బాకీలు, వసూళ్లు, తనిఖీ అన్నియు చూతురు. దేహపు తూకమును అట్టి నిలువసొమ్ము వంటిదే.

చేయింపవలసిన పరీక్షలు

1. బరువు, నడుము కొలత: వారమునకొకమారు, ఒకే వేళయందు.
2. మాత్రలు వాడుచు బరువు తగ్గించుకొనువారు నెలకొకమారైనను పోటును, చక్కెరను చూపించుకొనవలెను.
3. మధుమేహులు మూడు మాసముల చక్కెర తీరును తెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్షను 3 మాసములకొకమారు, నిలకడగా నున్నచో 6 మాసములకొకమారు చేయించుకొనవలెను.
4. మధుమేహులకు ఏడాదికొకమారు కన్నులు, పాదములు, మూత్రపిండములు, రక్తములోని కొవ్వు పరీక్షింపబడవలెను.

30 ఏండ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో పోటును, చక్కెరను ఉచితముగా పరీక్షింతురు.

ఆహారము

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము, 2000 కెలోరీల దినాహారమున ధాన్యములు 250 గ్రాములు, పప్పులు 85, ఆకుకూరలతో కలిపి కూరలు 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండవలెను. కొర్రలు, జొన్నలు మేలైనవే గాని, కొలత లేక తిన్నచో వానివలనను బరువు తగ్గదు. వారమునకు అరకిలో మొదలు కిలో వరకు తగ్గుట చాలును. అంతకు మించిన వేగమున కండ క్షీణించును. పిత్తాశయమున రాళ్లు కట్టుటయు కలదు. గర్భిణులు, బాలెంతలు, మూత్రపిండవ్యాధి గలవారు వైద్యునడుగక తిండి తగ్గింపరాదు.

కోరకయే చిక్కినచో

ఏ ప్రయత్నమును లేక ఆరు మాసములలో నూటికి 5 వంతుల బరువు తగ్గిన సంతసింపరాదు. మధుమేహము, క్షయ, థైరాయిడు వ్యాధి, క్యాన్సరు మున్నగువానికి అది తొలిగురుతు కావచ్చును. రెండు వారములు మించిన దగ్గు గలవారు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితముగా చేయు కఫపరీక్షకు జాగు చేయరాదు.

సంఘములకొక మనవి. ప్రతి సంఘపు కార్యాలయమునను ఎరువుల కాటాతోపాటు మనుష్యులను తూచు యంత్రమునొకదానిని, కొలత టేపును ఉంచుట కష్టము కాదు. సభ్యులు తమ తూకమును, పోటును, చక్కెరను, వాడు మందులను ఒక చిన్న పుస్తకమున వ్రాసికొని, వైద్యుని యొద్దకు పోవునపుడెల్ల దానిని వెంట గొనిపోవలెను. అప్పు పుస్తకమును భద్రపరచుకొను రైతు ఈ పుస్తకమును గూడ భద్రపరచుకొనునుగాక!