రిబ్కా కప్పిన చర్మములు

చదువవలసిన భాగము: ఆదికాండము 27వ అధ్యాయము

ఈ నెల గృహపాఠమునకు ఈ అధ్యాయమును ఎంచుకొనుటకు మా యింటిలో జరిగిన ఒక సంగతి కారణము. కనుక మొదట దానిని చెప్పుట న్యాయము.

మా మనుమరాలికి పది యేండ్లు. కిందటి వేసవి సెలవులకు వచ్చినప్పుడు, తన స్నేహితురాండ్రందరు ఉన్న ఒక సామాజిక మాధ్యమములో తనకును ఖాతా కావలెనని రెండు దినములు బతిమాలెను. ఫోను పుట్టిన తేదీ అడిగినది. నిజము వేసితిమి, వీలుకాదన్నది. అప్పుడు నేను ముచ్చటకొద్ది నా పుట్టిన సంవత్సరము 1958ని వేసితిని. తలుపు తెరచుకొనెను. పిల్ల పకపక నవ్వి, “తాతయ్యా, అయితే నాకిప్పుడు నీ వయస్సా?” అనెను. నేనును నవ్వితిని. కొన్నాళ్లకు మోకాళ్ల నొప్పుల తైలముల ప్రకటనలు రాసాగెను, దానికిని నవ్వుకొంటిమి. తరువాత ముక్కు మొగము తెలియని పురుషుడొకడు ఆమెను పలకరించి, ఫోటో పంపుమని అడిగెను. అప్పుడు నవ్వు ఆగిపోయినది.

రిబ్కా కథను మనము చిన్ననాటనుండి వినుచున్నాము. యాకోబు అప్పటికి పసివాడు కాడు, కనుక పోలిక అంతటను సరిపడదు. అయినను ఒక సంగతి గమనింపుడి. ఉపాయము తల్లిది. కుమారుడు మొదట జంకెను. తండ్రి తడవి చూచినయెడల తాను వంచకుడుగా కనబడుదునని భయపడెను. అది మంచి భయము. దానిని అణచినది తల్లియే. శాపము వచ్చినను తన మీదికే రానిమ్మని చెప్పి, పెద్దవాని బట్టలు చిన్నవానికి తొడిగి, చేతులకును మెడకును మేకపిల్లల చర్మములను కప్పెను. చూపు పోయిన ఇస్సాకు స్వరమును గుర్తుపట్టియు, చేతులను తడవి నమ్మెను.

ఫోను తడవి చూచునది మనము వేసిన అంకెనే. (ఈ మధ్య కొన్ని సంస్థలు ముఖమును బట్టియు, అలవాటులను బట్టియు వయస్సును అంచనా వేయ నారంభించినవి గాని, అవియు పొరబడుచున్నవి.) ఆ అంకెను బట్టియే లోపల సమస్తము నిర్ణయమగును. ఇన్‌స్టాగ్రామువారు 2024 సెప్టెంబరులో 18 యేండ్లలోపు వారికి వేరు ఖాతాలు ఏర్పరచిరి: అవి మొదటినుండియే ఇతరులకు మూసియుండును, పరిచయము లేనివారు వాటికి సందేశములు పంపలేరు. కొత్త యిల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22:8లో ఆజ్ఞ యున్నది గదా; ఇది అటువంటి గోడ, పొట్టిదే కావచ్చును. తప్పు సంవత్సరము వేసిన తండ్రి తన బిడ్డను ఆ గోడ లేని మిద్దెమీద నిలువబెట్టుచున్నాడు.

పదమూడేండ్లు నిండినయెడల భయము లేదని తలంచువారు ఆ సంఖ్య ఎక్కడిదో తెలిసికొనవలెను. అమెరికాలో 1998లో చేయబడి 2000లో అమలునకు వచ్చిన చట్టము, 13 యేండ్లలోపు పిల్లల వివరములను తల్లిదండ్రుల అనుమతి లేక సేకరింపరాదనెను. ఆ శ్రమ పడలేక సంస్థలు 13ను హద్దుగా పెట్టుకొనెను. పిల్లల మనస్సును కొలిచి పెట్టిన సంఖ్య కాదది! మన దేశమున 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 నిండనివారినందరిని పిల్లలనియే యెంచి, తల్లిదండ్రుల అనుమతి కావలెననుచున్నది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడెను. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 మొదలుకొని 16 యేండ్లలోపువారికి ఇట్టి ఖాతాలు నిషేధము; అక్కడ తల్లిదండ్రుల అనుమతియు చెల్లదు. జరిమానా మాత్రము సంస్థలకే గాని, పిల్లలకును పెద్దలకును లేదు.

“అందరి పిల్లలకు ఉన్నది, మా పిల్ల ఒక్కతె వెలియై ఏడ్చును” అని ఒక తల్లి నాతో అనెను. ఆ మాట తేలికగా తీసివేయదగినది కాదు. గల్ఫులో ఉన్న తండ్రికి బిడ్డ ముఖము కనబడునది ఆ ఫోనులోనే. అయితే తల్లి ఫోనులో తల్లి ప్రక్కన కూర్చుండి మాటలాడుట వేరు, అబద్ధపు వయస్సుతో ఒంటరిగా తిరుగుట వేరు.

రిబ్కా కొన్ని దినములకని పంపిన కుమారుడు లాబాను నొద్ద ఇరువది యేండ్లుండెను. ఆమె మరల వాని ముఖము చూచినట్టు ఎక్కడను వ్రాయబడలేదు. యాకోబు ముసలితనమున అతని కుమారులు యోసేపు అంగీని మేకరక్తములో ముంచి తెచ్చి చూపిరి. తండ్రిని వంచించుటకు అతడు కప్పుకొన్నది మేకచర్మము. అతనిని వంచించినది మేకరక్తము.

మా యింట ఏమి చేసితిమనగా, ఆ పురుషుని సందేశములను ఫోటో తీసి దాచితిమి, అతని ఖాతాపై ఫిర్యాదు పెట్టితిమి, పిదప ఖాతా మూసితిమి. (పిల్లలకు ఇట్టి ఆపద కలిగినప్పుడు 1098కి ఫోను చేయవచ్చును.) పిల్లను కూర్చుండబెట్టి, “తప్పు నీది కాదమ్మా, అబద్ధము వేసినది నేను” అని చెప్పితిని. ఆమె ఏడ్చెను. రెండు దినములు నాతో మాటలాడలేదు. మూడవ దినమున అన్నము తినుచు, “తాతయ్యా, నిజము సంవత్సరము వేస్తే ఎప్పుడు తెరుస్తుంది?” అని అడిగెను. ఇద్దరము వ్రేళ్లమీద లెక్కపెట్టితిమి. “అప్పుడు మీ అమ్మానాన్నలను కూడ అడుగుదము” అంటిని. సరేననలేదు గాని, నా విస్తరిలోని అప్పడము తీసికొనెను.